మూగరాజు గెలిచిన ఆటలు

కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో అతన్ని అందరూ మేస్త్రి అనే పిలిచేవారు. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోయడం, మైనంతో చిగుళ్ళు దిద్దడం, పన్ను పక్కన పన్ను పేర్చడం అతని పని. పగలంతా తెల్లటి పొడి మధ్య కూర్చుని, సాయంత్రం చేతులు ఎంత కడుక్కున్నా గోళ్ళ సందుల్లో ఆ తెలుపు మిగిలే ఉండేది. ఆన్‌లైన్‌లో ఆటలోకి వెళ్ళినప్పుడు వేరే పేరు తట్టక అక్కడా మేస్త్రి అనే పెట్టుకున్నాడు. మొదట్లో అది ఉత్త పేరే. తర్వాత తర్వాత ఆ చిన్న గుంపును నిలబెట్టిన మేస్త్రి కూడా అతనే అయ్యాడు.

అది పడవల ఆట. ఏదో కంపెనీ ఎప్పుడో తయారు చేసి, గిట్టుబాటు కాలేదని వదిలేసిన ఆట. తెర నిండా సముద్రం, సముద్రం నిండా పొగమంచు. ఇద్దరు ఆటగాళ్ళు చెరో పడవ నడుపుకుంటూ దీవుల మీది దీపాలు వెలిగించుకుంటూ పోవాలి. ఎవరు ఎక్కువ దీపాలు వెలిగిస్తే వాళ్ళది గెలుపు. నీళ్ళ కింద రాళ్ళుంటాయి. దగ్గరికి వెళ్ళేదాకా కనపడవు. తగిలామా, కాసేపు అక్కడే చతికిలబడాలి. కంపెనీ వదిలేసినా ఈ ఆటను వదలని వాళ్ళు ఊరికొకరూ వాడకొకరూ మిగిలారు. ఒక నర్సు, ఒక మంగలి షాపు యజమాని, రిటైరైన లెక్కల మాస్టారు, ఒక బస్సు డ్రైవరమ్మ, ఇంకా ఇలాంటి వాళ్ళే. ఈ పిడికెడు మందినీ ఒక చోట చేర్చి టోర్నమెంటు పెట్టడం మొదలుపెట్టినవాడు మేస్త్రి.

పెళ్ళి చేసి చూడు, ఇల్లు కట్టి చూడు అన్న పెద్దలు టోర్నమెంటు పెట్టి చూడలేదు గనక ఆ రెంటితో ఆపేశారు. నర్సుకు డ్యూటీ ఎప్పుడు మారుతుందో ఆమెకే తెలియదు. మంగలికి ఆదివారమే బేరాలు. లెక్కల మాస్టారికి మనవడి జ్వరం. ఒకడు ఓడిపోతూ ఉండగా కరెంటు పోతుంది, గెలిచేవాడు అది కరెంటు కాదు కపటం అంటాడు. వీళ్ళందరికీ ఫోన్లు చేసి, బతిమాలి, గడ్డం పట్టుకుని, తగువులు తీర్చి, ఆదివారం సాయంత్రానికి అందరినీ ఒక గూటికి చేర్చేవాడు. విసుక్కుంటూనే చేసేవాడు గానీ, ఆ విసుగు లేకపోతే అతనికి ఆదివారం తెల్లారేది కాదు.

గెలిచినవాళ్ళకు బహుమతిగా ల్యాబులో మిగిలిన సామానుతో ఒక చిన్న పడవ పోసి పంపేవాడు. కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే సరుకు కాబట్టి పడవ గులాబి రంగులో ఉండేది. "ఈ పడవ నవ్వితే పళ్ళు కనపడతాయా?" అని ఎగతాళి చేసేవారు. ఎగతాళి చేసినవాళ్ళే గెలిచిన రోజున దాన్ని టీవీ పక్కన పెట్టి ఫొటో తీసి పంపేవారు.

ఈ పనిలో అతనికి కుడిభుజం బావ. సొంత అక్క మొగుడు. చెక్క సామాన్లు చేసే వర్క్‌షాపులో అల్మారాలకూ మంచాలకూ నమూనాలు గీస్తాడు. టోర్నమెంటుకు కొత్త సముద్రాలు గీసేది అతనే. దీవి ఎక్కడుండాలి, రాయి ఎక్కడ దాక్కోవాలి, ఏ మలుపులో మనిషి ఆశపడి మునగాలి, ఇవన్నీ బావకు బాగా తెలుసు. పైగా మాటకారి. సెమీఫైనల్స్ జరుగుతుంటే అతను చెప్పే వ్యాఖ్యానానికి ఓడిపోతున్న వాళ్ళు కూడా నవ్వేవారు. అతను మేస్త్రి ఒక్కడికే బావ అయినా, చివరికి గుంపు మొత్తానికీ బావగారే అయ్యాడు.

గుంపులో మొట్టమొదట రాసుకున్న నియమం ఒకటే. పోటీ నడిపేవాళ్ళు పోటీలో ఆడకూడదు. మ్యాపు ముందే తెలిసినవాడు ఆడితే అది ఆట కాదు గదా. అసలు ఆ ఆటలో మేస్త్రిని మించిన వాడు లేడు. అయినా టోర్నమెంటు పెట్టిన రోజు నుంచీ పోటీ పడవ ముట్టుకోలేదు. వంట చేసేవాడు వడ్డించాకే తినాలిగా అని సరిపెట్టుకున్నాడు. బావ కూడా తనలాగే సరిపెట్టుకున్నాడనుకున్నాడు.

మూగరాజు ఎప్పుడొచ్చాడో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఒక టోర్నమెంటులో చడీచప్పుడు లేకుండా ఆ పేరు నమోదు చేసుకున్నాడు. ఫైనల్లో ఇద్దరు ఆటగాళ్ళూ ఆన్‌లైన్‌లో మాట్లాడుకునే గదిలో ఉండాలి. మైకు తెరవడం మాత్రం వాళ్ళ ఇష్టం. ఈయన ఎప్పుడూ తెరవలేదు. "అభినందనలు" అని అందరూ అరుస్తుంటే రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి వెళ్ళిపోయేవాడు. గులాబి పడవ పంపుతాను, చిరునామా ఇవ్వమంటే "రెండో స్థానం వారికి ఇవ్వండి" అని రాసేవాడు. ఎంత వినయం అని గుంపు మొత్తం పొంగిపోయింది. వరసగా టోర్నమెంటు తర్వాత టోర్నమెంటు గెలిచాడు. ఆ రోజుల్లో సెమీఫైనల్స్‌కూ ఫైనల్స్‌కూ వ్యాఖ్యానానికి బావ ఉండేవాడు కాదు. ఆదివారం సాయంత్రాలు వర్క్‌షాపులో అదనపు పని పడుతోందని చెప్పేవాడు. మేస్త్రి ఎప్పుడైనా ఇంటికి ఫోన్ చేస్తే అక్క ఎత్తేది. "లేరురా, పనికెళ్ళారు. ఆ యజమాని పీల్చి పిప్పి చేస్తున్నాడు మనిషిని" అనేది. పాపం బావ అనుకునేవాడు మేస్త్రి.

మూగరాజు మీద మొదట వేలెత్తినది చీమ.

చీమ అంటే ఆ బస్సు డ్రైవరమ్మ. గుంపులో అందరికంటే ముందు చేరిన మనిషి. పేరుకు తగ్గట్టే ఆమె ఆట. తొందరపడదు, వెనుదిరగదు. డిపోలో విశ్రాంతి గదిలో కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆడేది. టోర్నమెంటు అన్న మాట మేస్త్రి నోట వచ్చిన రోజున "నడపండి, నేనున్నా" అన్నది ఆమె ఒక్కతే. అలాంటి చీమ, ఒక సెమీఫైనల్లో మూగరాజు చేతిలో ఓడిపోయాక గుంపులో అందరి ముందూ రాసింది.

"ఆ మూల రాయి ఎవరికీ కనపడదు. నాకు కనపడలేదు, తగిలాను. ఆయన దగ్గరికి రాకముందే పక్కకు తిరిగాడు. ఒకసారి కాదు, దారి పొడుగునా అంతే. బస్సు నడిపేదాన్ని. కొత్త రోడ్డు మీద నడిపేవాడెలా నడుపుతాడో, రోజూ తిరిగే రోడ్డు మీద ఎలా నడుపుతాడో నాకు తెలుసు. ఆయనకది తెలిసిన రోడ్డు. మ్యాపులు చూసేది మీరిద్దరే. ఎవరో ఒకరు చూపిస్తున్నారు."

మేస్త్రికి ఒళ్ళు మండింది. తనను అన్నా ఊరుకునేవాడేమో, బావను అనేసరికి తట్టుకోలేకపోయాడు. అయినా ధర్మం కోసం బావను అడిగాడు. అక్క ఇంట్లోనే, టీ తాగుతూ అడిగాడు.

"బావా, నువ్వు పొరపాటున ఎవరికైనా మ్యాపు చూపించావా?"

బావ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "నీ మీద ఒట్టురా. నేనెవరికీ చూపించలేదు. ఓడిపోయిన ఉక్రోషం, అంతే. వదిలెయ్."

"ఎలా వదిలేస్తాను? ఇవాళ నిన్నంది. రేపు ఇంకొకళ్ళంటారు."

అక్క వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది.

మేస్త్రి ఫోన్ తీసి అక్కడే రాశాడు. ఆధారం లేకుండా నింద వేసినందుకు చీమను ఈ ఏడాది టోర్నమెంట్ల నుంచి తప్పిస్తున్నామని. రాసినది బావకు చూపించాడు. బావ చదివి, కాసేపు తటపటాయించి, "చివర్లో ఆ సామెత పెట్టరా, అదిరిపోతుంది" అన్నాడు.

"ఏ సామెత?"

"ఆడలేక మద్దెల ఓడు."

మేస్త్రి పెట్టాడు. గుంపులో నవ్వు బొమ్మలు వరస కట్టాయి. చీమ జవాబు రాయలేదు. మర్నాటికి గుంపులో ఆమె పేరు లేదు.

తర్వాతి టోర్నమెంటు ఫైనల్లో మూగరాజుకు ఎదురుగా లెక్కల మాస్టారు పడ్డారు. మాస్టారు జీవితంలో మొదటిసారి ఫైనల్‌కు రావడం. కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నానని చెప్పి అందర్నీ నవ్వించారు. "ఎవరు చూస్తారు మాస్టారూ?" అంటే "నా పడవ చూస్తుందయ్యా" అన్నారు. మేస్త్రి తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని రెఫరీగా ఆట మొదలుపెట్టాడు. రెఫరీకి రెండు పడవలూ కనపడతాయి. మాస్టారి పడవ గోడ పట్టుకుని నడిచే పసివాడిలా పోతోంది. మూగరాజు పడవ ఇంట్లో చీకట్లో మంచినీళ్ళ కోసం లేచిన మనిషిలా, దేనికీ తగలకుండా పోతోంది.

ఆట సగంలో ఉండగా మాట్లాడుకునే గదిలో ఒక తుమ్ము వినపడింది.

ఒకటి కాదు. ఒకదాని వెనక ఒకటి రెండు చిన్నవి, ఆ తర్వాత ఇత్తడి బిందె మెట్ల మీద దొర్లినట్టు ఒక పెద్దది. వెంటనే ఒక ఆడగొంతు, "హమ్మయ్య, పీడా వదిలింది!" అన్నది. ఎవరో "ష్" అన్నారు. మైకు ఆగిపోయింది.

మూగరాజు పేరు పక్కన మైకు గుర్తు కాసేపు వెలిగి ఆరిపోవడం అందరూ చూశారు.

"మూగరాజు గారింట్లో రాణిగారున్నారండోయ్!" అని అరిచాడు మంగలి. గుంపు గుంపంతా గొల్లుమంది.

మేస్త్రి నవ్వలేదు. ఆ తుమ్ము అతనికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అమ్మ పోయాక తన తల దువ్వి, బటన్లు పెట్టి బడికి పంపిన మనిషి తుమ్ము అది. దాగుడుమూతలాడితే ఎప్పుడూ ఆ తుమ్ముతోనే దొరికిపోయేది అక్క. ఆ పెద్ద తుమ్ము తర్వాత ఆ మాట అనకపోతే మళ్ళీ తుమ్ము వస్తుందని ఆమె నమ్మకం. ప్రపంచంలో ఇంకెవరైనా అలా తుమ్ముతారేమో, ఆ మాట కూడా అంటారేమో అని అతను తనకు తాను చెప్పుకోబోయాడు. మనసు ఒప్పుకోలేదు.

ఆట సాగుతూనే ఉంది. అతను ఫోన్ తీసి అక్కకు కలిపాడు. కళ్ళు తెర మీదే ఉన్నాయి. ఫోన్ మోగడం మొదలుపెట్టగానే మూగరాజు పడవ నడిసముద్రంలో ఆగిపోయింది.

"ఏంట్రా?" అంది అక్క. గొంతు జలుబుతో బరువుగా ఉంది.

"బావ ఉన్నాడా అక్కా?"

"లేరురా. పనికెళ్ళారుగా. ఏం, ఏమైనా చెప్పాలా?"

"ఏం లేదు. జలుబు చేసిందా నీకు?"

"అవునురా, పొద్దుట్నుంచీ ఒకటే తుమ్ములు. పెట్టేస్తున్నా, పొయ్యి మీద పనుంది."

ఫోన్ పెట్టేసింది. పడవ కదిలింది.

ఆట ఆపొచ్చు, ఆపే అధికారం అతనికుంది. కానీ ఆపి ఏమని చెప్పాలి? అలాగే కూర్చుండిపోయాడు. అన్నాళ్ళూ ఎవరి పడవ ఎటు తిరిగిందో చూసిన కళ్ళకు ఇప్పుడు కొత్తగా కనపడుతోంది. ఆ మలుపు తీసుకునే తీరు, దీపం వెలిగించేముందు ఒక్క చుట్టు తిరిగే షోకు, అచ్చం బావ సైకిలు తొక్కే తీరే. చీమ ఒక్క ఆటలో చూసింది. తను ఇన్నాళ్ళుగా చూడలేకపోయాడు.

మూగరాజు గెలిచాడు. విజేత పేరు చెప్పాల్సింది రెఫరీయే. మేస్త్రి చెప్పాడు. తెర మీద రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. మాస్టారు, "అంతటివారి చేతిలో ఓడినా గౌరవమేనయ్యా" అన్నారు. ఆ మాట మేస్త్రికి ముల్లులా దిగింది.

అక్క ఇల్లు రెండు వీధుల అవతల. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా నడిచాడు. తలుపు అక్కే తీసింది. ముక్కు ఎర్రబడి ఉంది, చేతిలో రుమాలు.

"చెప్పకుండా వచ్చావేంట్రా?"

"బావ వచ్చాడా?"

"ఇప్పుడే... ఇందాకే వచ్చారు."

బావ లోపలి గదిలోంచి వచ్చాడు. ఇంట్లో తొడుక్కునే ముడతల బట్టల్లో ఉన్నాడు. హెడ్‌ఫోన్ పట్టీ నొక్కిన చోట జుట్టు అడ్డంగా అణిగి ఉంది. "ఏరా, ఫైనల్ ఎలా జరిగింది?" అన్నాడు, ఎప్పటిలాగే నవ్వుతూ.

ఆ నవ్వు మేస్త్రి ఎరిగినదే. దొరికిపోయినా ఇంత తేలిగ్గా నవ్వగలిగితే, ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని నవ్విన నవ్వుల్లో నిజమైనవి ఎన్ని?

"అక్కా," అన్నాడు బావ వైపు చూడకుండా, "తుమ్ములు తగ్గాయా?"

అక్క చేతిలో రుమాలు నలిగింది. బావ ముఖంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. చివరికి బావ కుర్చీ లాగి, "కూర్చోరా" అన్నాడు.

"నిలబడే వింటాను. ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ కాదురా. ఒక్కసారి అనుకున్నా."

"నా మీద ఒట్టు వేశావు."

"మ్యాపు ఎవరికీ చూపించలేదని ఒట్టు వేశాను. అది నిజమే." అని, ఆ మాట తన చెవికే నచ్చక తల దించుకున్నాడు. "వర్క్‌షాపులో నేను గీసిన ప్రతి అల్మారా మీదా యజమాని పేరుంటుంది. ఇక్కడ సముద్రాలు గీస్తే వాటిలో ఇంకెవరో గెలుస్తారు. నేను గీసిన నీళ్ళలో నేనొకసారి పడవ నడిపి చూద్దామనిపించింది. గెలిచాను. నా ముందే అందరూ మూగరాజును మెచ్చుకుంటున్నారు. నువ్వు కూడా మెచ్చుకున్నావు. ఎంత చక్కగా తిప్పాడో చూశావా బావా అన్నావు, గుర్తుందా? పెళ్ళయినప్పటి నుంచీ నన్ను ఒక్కసారైనా అలా అన్నావా నువ్వు?"

"అడిగితే మ్యాపులు నేనే గీసేవాణ్ణి. నువ్వు ఆడేవాడివి."

"అడిగితే నా మీద జాలిపడి ఒప్పుకునేవాడివి. జాలితో వచ్చిన గెలుపు గెలుపెలా అవుతుంది?"

"దొంగతనంగా వచ్చింది అవుతుందా?"

అక్క కలగజేసుకుంది. "ఆట కదరా! బొమ్మ పడవలు. ఎవరి కొంపా ములగలేదు. దీనికి అన్నదమ్ముల్లా ఉన్నవాళ్ళు ఇంత పంతానికి పోవాలా?"

"నువ్వు ఇందాక ఫోన్‌లో ఏం చెప్పావక్కా?"

ఆమె రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇవాళ ఒక్కరోజే కాదు. ప్రతి ఫైనల్‌కీ చెప్పావు. నేను బావ మీద జాలిపడుతుంటే వింటూ ఊరుకున్నావు."

"ఒక పక్క మొగుడు, ఒక పక్క తమ్ముడు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. నన్నేం చెయ్యమంటావు?" ఆమె కళ్ళు నిండాయి. "ఆయన నవ్వడమే మానేశారురా మధ్యలో. ఆదివారం ఒక్కటే కళకళలాడేవారు. అది కూడా పోగొట్టమంటావా?"

మేస్త్రికి ఏడుపు వచ్చింది. ఆపుకున్నాడు. బావ వైపు తిరిగి, "చీమ సంగతేంటి?" అన్నాడు. "నిజం చెప్పిన మనిషిని నా చేత వెళ్ళగొట్టించావు. నేను రాసింది చాలక సామెత కూడా అందించావు."

బావ తల ఎత్తలేదు. "ఆ రోజు నువ్వు నన్ను నమ్మిన తీరు చూసి చెప్పేద్దామనుకున్నానురా. నిజంగా. నోరు తెరిచాను. తెరిచేసరికి ఆ సామెత వచ్చింది."

మేస్త్రి గుమ్మం వైపు నడిచాడు. బావ వెనకే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పకు. మూగరాజు ఇక ఆడడు. వచ్చినట్టే మెల్లగా మాయమైపోతాడు. నా పరువు నీ చేతిలో ఉంది."

మేస్త్రి చెయ్యి విడిపించుకున్నాడు. బయటికి నడిచాడు.

ఆ వారమంతా ల్యాబులో అతని చెయ్యి చెయ్యిలా లేదు. మైనం పట్టుకుంటే చిట్లింది. ఎవరో పెద్దావిడ కోసం చేసిన పలువరస వంకరగా వచ్చి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు, చెప్పకపోతే ఏమవుతుంది అని లెక్కలేసేవాడు. అక్క కాపురం చల్లగా ఉంటుంది. గుంపు నడుస్తుంది. ఎవరికీ తెలియదు. కానీ చీమ గుర్తొచ్చేది. ఆమె ఏ రోడ్డు మీద బస్సు తిప్పుతోందో, ఆ సామెత తలుచుకుంటోందో లేదో. ఆ ఒక్క ఆలోచనతో వేసిన లెక్కలన్నీ కూలిపోయేవి.

ఆదివారం అందరినీ గదిలోకి పిలిచి చెప్పేశాడు. మూగరాజు మా బావ. మ్యాపులు గీసిన చేత్తోనే ఆడాడు. చీమ చెప్పింది అక్షరాలా నిజం. ఆమెను తప్పించినది నేను. ఇంతకు మించి మాటలు కూర్చుకోలేకపోయాడు.

ముందు ఎవరో పకపకా నవ్వారు. తర్వాత మంగలి అన్నాడు, "మేస్త్రీ, మీ ఇంటి మనిషి. రోజూ కలిసి తిరిగే మనిషి. మీకు తెలీదంటే నమ్మమంటారా?"

"తెలీదు."

"కంచె చేను మేసిందని మీరే చెప్తున్నారు. ఆ కంచెలో సగం మీరేగా?"

ఇలాంటి మాట పడతానని మేస్త్రి కలలో కూడా అనుకోలేదు. తను ఆడటం మానుకుని, ఆదివారాలన్నీ ధారపోసి నిలబెట్టిన గుంపు ఇది. నర్సు సర్దిచెప్పబోయింది గానీ ఎవరూ వినలేదు. లెక్కల మాస్టారు మాత్రం అరవలేదు. "కొత్త చొక్కా వేసుకున్నానయ్యా ఆ రోజు" అని మెల్లగా అని గదిలోంచి వెళ్ళిపోయారు. ఆ అరుపులన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

గుంపు విరిగిపోయింది. కొందరు వేరే గది తెరుచుకున్నారు. మేస్త్రిని పిలవలేదు. పిలుస్తారని అతనూ అనుకోలేదు. పాత గదిలో మిగిలినవాళ్ళు రెండు రోజులు పలకరించుకుని, ఆ తర్వాత రావడం మానేశారు.

చీమ ఏ దారిలో బస్సు నడుపుతుందో అతనికి తెలుసు. పక్క ఊరు నుంచి ఆసుపత్రి మీదుగా రైల్వే స్టేషన్ దాకా. ఒకప్పుడు ఆమే చెప్పింది, నవ్వుతూ, "మీ ఊరి పొలిమేర దాకా రోజూ వస్తాను, ఎక్కరెందుకు" అని. సెలవు పెట్టి ఆ బస్సెక్కాడు. ముందు సీట్లో కూర్చున్నాడు. ఆమెను అంతకుముందు చూడలేదు. నెరిసిన జుట్టు బిగించి కట్టుకున్న పొట్టి మనిషి, పెద్ద స్టీరింగ్ వెనక నిజంగానే చీమలా ఉంది. గుంతల్ని ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలిచినట్టు తప్పించుకుంటూ నడుపుతోంది. చివరి స్టాపులో అందరూ దిగాక అతను లేచి నిలబడ్డాడు.

"నేను మేస్త్రిని."

ఆమె అద్దంలోంచి చూసింది. ఆశ్చర్యపోలేదు. "గొంతు విని గుర్తుపట్టాను. టికెట్టు అడిగినప్పుడు."

"మీరు చెప్పింది నిజం. మా బావే ఆ—"

"తెలుసు. నర్సు ఫోన్ చేసింది."

"తప్పయిపోయిందండీ. ఏం చేస్తే మీ మనసు—"

ఆమె ఇంజన్ ఆపింది. నీళ్ళ సీసా తీసి తాగి, మూత బిగించింది. "మీ బావ మోసం చేశాడు. చేసేవాడు చేస్తాడు. నాకు అది పెద్ద బాధ కాలేదు. మీరు ఒక్క ఫోన్ చెయ్యలేదు నాకు. అందరికీ చేస్తారుగా, జ్వరాలు అడుగుతారు, డ్యూటీలు అడుగుతారు. ఇంతకాలం తెలిసిన మనిషి ఇలా ఎందుకందో అని ఒక్క ఫోన్. మీ బావ మాట ఒకటీ నా మాట ఒకటీ తూకం వేస్తే నాది తేలిపోయిందనుకున్నా పోనీ. మీరు అసలు తూకమే వెయ్యలేదు."

మేస్త్రి సీటు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. గుంపు తనకు చేసినదీ, తను ఆమెకు చేసినదీ ఒకటేననిపించింది.

"కొత్త గదివాళ్ళు నన్ను నడపమన్నారు," అంది ఆమె కాసేపటికి. "ఒప్పుకున్నాను. మీరు ఆడాలనుకుంటే అందరిలాగే పేరు పంపండి. వాళ్ళేమంటారో నేను చెప్పలేను. నేనైతే తీసెయ్యను. అంతకంటే ఇప్పుడు నా దగ్గర లేదు."

"చాలండీ."

"చాలదు," అంది ఆమె ఇంజన్ తిప్పుతూ. "దిగండి, టైమయింది."

అతను పేరు పంపాడు. మొదటి ఆటలోనే ఓడిపోయాడు. చెయ్యి మొద్దుబారింది, పైగా గదిలో అడుగుపెట్టగానే మాటలు ఆగిపోవడం తట్టుకోవడానికి వేరే శక్తి కావాలి. అయినా తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాడు. మాస్టారు ఒకరే, "వచ్చావా" అన్నారు.

అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. చివరికి ఒకరోజు ఆమే ల్యాబు ముందు వచ్చి నిలబడింది. రోడ్డు మీద ఏడిస్తే చూడలేక వెంట వెళ్ళాడు. ఆమె వడ్డించింది, ముగ్గురూ కూర్చున్నారు. బావ చిక్కాడు. కంప్యూటర్ అమ్మేశానని చెప్పాడు. క్షమించమని అడిగాడు, ఈసారి నవ్వకుండా, సూటిగా చూస్తూ. మేస్త్రి తల ఊపాడు. క్షమించాననే అనుకున్నాడు కూడా. అక్క ముఖం తేటపడింది. పెరుగు వేస్తూ చిన్నప్పటి సంగతులేవో ఎత్తింది. బావ ఒకటి రెండు జోకులు వేశాడు. ఒకదానికి మేస్త్రి నవ్వాడు కూడా.

చేతులు కడుక్కుని బయల్దేరబోతుంటే బావ అన్నాడు, "ఆగరా, వాన పడుతోంది. గొడుగు తీసుకెళ్ళు."

మేస్త్రి కిటికీ దగ్గరికి వెళ్ళి, తెర పక్కకు జరిపి, బయటికి చూశాడు. బావ చెప్పినట్టే వాన పడుతోంది. వెనక్కి తిరిగేసరికి బావ గొడుగు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. తను ఎందుకు చూశాడో బావకు తెలిసిపోయింది. అక్కకు కూడా తెలిసింది. మేస్త్రి గొడుగు అందుకుని మెట్లు దిగాడు.